బొట్టు పెట్టిన గుమ్మడికాయ

మొన్న పొద్దున మా కోడలు కాఫీ తాగుతూనే ఫోనులో ఏదో నొక్కింది. నేను గ్లాసులు కడిగి బోర్లించేలోపు గంట మోగింది, ఎల్బీనగర్‌లో మేముండే ఈ ఐదో అంతస్తుకి కూరగాయలు లిఫ్టెక్కి వచ్చేశాయి. గోధుమరంగు కాగితపు సంచి, మూతి మడిచి పిన్నులు కొట్టి ఉంది. విప్పి చూస్తే ఉల్లిపాయలు, బెండకాయలు, వాటి కింద పల్చటి ప్లాస్టిక్ పొరలో బిగించి చుట్టిన గుమ్మడికాయ ముక్క ఒకటి. కాయ కాదు, ముక్క. గింజలు కూడా తీసేసి, చిన్నపిల్లల చెప్పంత చేసి పంపించారు. ఎవరు కోశారో, ఎక్కడ కోశారో, కోసింది ఆడో మగో ఆ దేవుడికే తెలియాలి. నేను దాన్ని చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోతే, కుళ్లిపోయిందా అత్తయ్యా అని అడిగింది కోడలు. లేదమ్మా, బాగానే ఉంది అన్నాను గానీ చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లు వచ్చాక కూడా గుమ్మడికాయను చూస్తే నాకు సిగ్గేస్తుందంటే ఆ పిల్ల నవ్విపోతుంది. నా ఈడువాళ్లు మీరైతే నవ్వినా కాస్త తల ఊపుతారన్న ధైర్యంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదటిసారి రేగిన అరవైతొమ్మిదిలో నేను ఆరో తరగతి చదువుతున్నాను. చదువుతున్నాను అనడం కూడా అబద్ధమే, ఆ ఏడు బడి తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువ. మేము అప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్లం. దిల్‌సుఖ్‌నగర్ అనగానే తలమీద మెట్రో, కాలు పెట్టడానికి సందు లేని చీరల దుకాణాలు, కోచింగు బోర్డులు మీ కళ్ల ముందు కదిలితే దయచేసి వాటన్నిటినీ ఒకసారి తుడిచెయ్యండి. విజయవాడ రోడ్డు పక్కన విడివిడిగా కొన్ని ఇళ్లు, ఇళ్లు అయిపోగానే పొలాలు, పొలాల మీదుగా సాయంత్రం పూట చల్లగాలి, అంతే ఊరు. మా గల్లీ మాత్రం పాతది. ఎప్పుడో నిజాం కాలంలో పరిచారట, గల్లీ పొడవునా గుండ్రాళ్లే. వానకు బురద కాదు గానీ, చెప్పుల కాలుతో నడిస్తే మడమ మడతపడేది, ఉత్తకాళ్లతో నడిస్తే అరికాలు కాలేది. రోడ్డు వైపు మొగ నుంచి మా ఇంటి దాకా కొంచెం ఎత్తుగా ఉండేది, చేతిలో బరువుంటే ఆ కాస్త ఎత్తే కొండ ఎక్కినట్టుండేది. రెండు పక్కలా అరుగులు, అరుగుల మీద సాయంత్రం కాగానే ఆడవాళ్లు.

ఇక బజారు అంటారా, మూసీ ఒడ్డు తోటల్లో పండిన ఆకుకూరలూ కూరగాయలూ మూసారాంబాగ్ వంతెన దగ్గర కుప్పలు పోసి అమ్మేవారు. అక్కడిదాకా నడిచి వెళ్లి, సంచి నింపుకుని, నడిచే రావాలి. రిక్షా ఎక్కడమంటే మా ఇళ్లలో పురిటికో, జ్వరానికో. అందుచేత ఎవరింటికి ఏ కూర వస్తోందో గల్లీ గల్లీకంతా తెలిసేది. సంచి చూసి ఆ పూట వంట చెప్పేవాళ్లు, వంట చూసి ఇంట్లో సంగతి చెప్పేవాళ్లు. సంచిలో మాంసం ఉంటే చుట్టం వచ్చినట్టు, పెసరపప్పు ఒకటే ఉంటే ఒంట్లో బాగాలేనట్టు. ఆ అరుగుల మధ్య నుంచి సంచి పట్టుకుని రావడమంటే ఊరేగింపులో రావడమే.

మా నాన్న ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. గుంటూరు వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చినవాడు. ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడివాళ్ల కొలువుల్లో కూర్చున్నవాళ్లను వెనక్కి పంపాలని అప్పట్లో గొడవ మొదలైంది, అందులో న్యాయం లేకపోలేదని ఇప్పుడు నాకు తెలుసు, అప్పుడు మాకు తెలిసిందల్లా ఒకరోజు నాన్న పెందలాడే ఇంటికి వచ్చి, చొక్కా విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడన్నది ఒక్కటే. గుంటూరు వెళ్లి అక్కడ ఆఫీసులో చేరమన్నారు. వెళితే అక్కడ ఖాళీ లేదన్నారు. ఇక్కడ పేరు కొట్టేశారు, అక్కడ పేరు ఎక్కలేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అదే. ఖాళీ దొరికేదాకా అక్కడే ఎవరి పంచనో పడుండి, రోజూ ఆఫీసు గుమ్మం కాసేవాడు.

అమ్మా నేనూ కూడా వెళ్లిపోవచ్చు కదా అంటారేమో. వెళితే మా మేనమామ ఇంటికే వెళ్లాలి. పెళ్లయిన కొత్తలో నాన్నకు ఉద్యోగం లేని రోజుల్లో అమ్మ అక్కడ కొన్నాళ్లు ఉంది. అన్నం పెట్టే చేత్తోనే మాటా పెట్టేదట మా అత్త. మళ్లీ ఆ గడప తొక్కితే నా శవమే తొక్కాలి అని అమ్మ ఒట్టు పెట్టుకుంది. పైగా మా ఇల్లుగలాయనకు ఒక పట్టింపు ఉండేది. మగదిక్కు లేని సంసారాన్ని కిరాయికి పెట్టుకోడు. ఆయన చెడ్డవాడని కాదు, రోజులు అలాంటివి. రాత్రి ఎవరైనా మా మీద రాయి వేస్తే పగిలేది ఆయన కిటికీయే గదా. అందుకని అమ్మ గల్లీలో అందరికీ ఒకటే మాట చెప్పింది. ఆయన క్యాంపుకి వెళ్లారండీ, ఆదివారాలు వచ్చి వెళుతున్నారండీ, మీరు నిద్ర లేవకముందే మళ్లీ బస్సెక్కేస్తున్నారండీ అని. అబద్ధాలాడటం చేతకాని మనిషి, ఆడేటప్పుడు ప్రతి మాటకూ ఒక 'అండీ' తగిలించేది.

ఇప్పుడు గుమ్మడికాయ దగ్గరికి వస్తాను. నాన్న వెళ్లే ముందురోజు మూసారాంబాగ్ నుంచి తనే మోసుకొచ్చాడు దాన్ని. బాగా పండిన తియ్య గుమ్మడి, నా రెండు చేతులకూ అందేది కాదు. మా ఇళ్లలో గుమ్మడికాయకు ఆడవాళ్లు మొదటి గాటు పెట్టరు. మగవాడు కత్తి దించి రెండు చెక్కలు చేసిన తర్వాతే ఆడవాళ్లు ముక్కలు తరుక్కోవాలి. ఎందుకమ్మా అని అడిగితే మా అమ్మమ్మ, ఎందుకంటే అంతే, నోర్మూసుకో అనేది. వచ్చే ఆదివారం వస్తాను, వచ్చి కోస్తాను, దప్పళం పెట్టు అని చెప్పి వెళ్లాడు నాన్న. ఆ ఆదివారం అమ్మ తెల్లవారుజామునే లేచి, తలస్నానం చేసి, కాయను కడిగి, పసుపు రాసి, నడుమన కుంకుమ బొట్టు పెట్టి, కత్తి పక్కన పెట్టుకుని కూర్చుంది. రైళ్లు ఆగిపోయాయి, బస్సులు ఆగిపోయాయి, నాన్న రాలేదు. ఆ తర్వాత ఆదివారమూ రాలేదు. కుళ్లని జాతి కాయ అది, కుంకుమ నల్లబడింది గానీ కాయ చెక్కుచెదరలేదు. మొగుడు ఊళ్లో లేనప్పుడు పెట్టిన బొట్టు తుడవడానికి అమ్మకు చెయ్యి రాలేదు. వేరే మగవాణ్ని పిలిచి కోయిద్దామంటే ఇంట్లో మగవాడు లేడని చాటినట్టే. నేను మగపిల్లాడినైనా అయ్యుంటే నా చెయ్యి పట్టించి కోసేది కాబోలు. అలా ఆ కాయ వంటింటి మూల కూర్చుంది.

నాన్న అక్కడ అప్పోసప్పో చేసి పంపే మనియార్డర్లు ఆగిపోయాక అమ్మ బజారుకు సాయంత్రం చీకటి పడబోయే ముందు వెళ్లడం మొదలుపెట్టింది. ఆ వేళకి మిగిలిపోయిన పుచ్చు వంకాయలు, ముదిరిన బెండకాయలు, వాడిన తోటకూర చవకగా ఇచ్చేవాళ్లు. ఒకరోజు మేము వస్తుంటే ఇల్లుగలామె అరుగు మీద నుంచి మెడ సాచి, ఏందమ్మా, గింతేనా, ఇంట్ల మనుషులు లేరా అంది. మామూలుగానే అంది పాపం. అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. మర్నాటి నుంచి గుమ్మడికాయ మాతో పాటు బజారుకి బయలుదేరింది.

నవ్వకండి. వెళ్లేటప్పుడు కాయను పాత చీరలో మూట కట్టి, సంచిలో పెట్టి, చాకలికి బట్టలు వేయడానికి వెళుతున్నట్టు వెనక గల్లీ గుండా వెళ్లేవాళ్లం. బజారులో ఆ వాడిపోయిన సరుకంతా సంచి అడుగున వేసి, చీర మడిచి దాని మీద పరిచి, అందరికీ కనపడేలా పైన గుమ్మడికాయను కూర్చోబెట్టి, బొట్టున్న వైపు లోపలికి తిప్పి, ముందు గల్లీ గుండా దర్జాగా వచ్చేవాళ్లం. సంచి నిండుగా కనిపిస్తే ఇల్లు నిండుగా ఉన్నట్టేనే అనేది అమ్మ. సంచికి ఒక కాడ తను, ఒక కాడ నేను. తను పొడుగు, నేను పొట్టి, బరువంతా నా వైపే వాలేది. ఆ గుండ్రాళ్ల మీద ఒక్కో అడుగుకీ కాయ ఎగిరి నా మోకాలి మీద పొడిచేది. మూసారాంబాగ్ నుంచి ఇంటికొచ్చే సరికి నా కాలు కమిలిపోయి ఉండేది. కాలి నొప్పి నాకు లెక్క లేదు. తెలిసినవాళ్లు ఎదురైతే మాత్రం నేల చీలిపోతే బాగుండుననిపించేది. మేము కొన్నది కాదు అది, మేము ఊరికే తిప్పుతున్నది, ఆ సంగతి నా ముఖం మీద రాసిపెట్టి ఉందనిపించి తల ఎత్తేదాన్ని కాదు.

ఎదురింట్లో ఒక పెద్దమ్మ ఉండేది. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవుల కుటుంబం, పెద్దనాన్న దవాఖానలో కాంపౌండరు. మా అమ్మను చెల్లె అని పిలిచేది, నన్ను బిడ్డా అనేది. గల్లీలో నోరున్న మనిషి. మేము సంచితో కనిపించడం ఆలస్యం, అరుగు మీద నుంచే కేక వేసేది.

"అబ్బ! ఏం కాయ తెచ్చిన్రు చెల్లె! గింత పెద్దది గా అంగట్ల ఏడ దొరికిందమ్మా మీకు?"

అమ్మ ముఖం కందగడ్డ అయ్యేది. ఏదో దొరికిందండీ అక్కయ్యగారూ అని గొణిగి, నన్ను లాక్కుంటూ లోపలికి పోయేది. నాకైతే ఆ పెద్దమ్మ మీద ఒళ్లు మండేది. ఎప్పుడూ ఆ గుమ్మడికాయ గురించే ఎందుకు ఆవిడకి, నోటికి ఇంకేమీ దొరకదా అని పళ్లు నూరుకునేదాన్ని. ఒకరోజైతే ఇల్లుగలామెను పిలిచి మరీ చూపించింది. చూడక్కా, మనకి గిసొంటి కాయ ఎన్నడన్న దొరికిందా అని.

ఆ పెద్దమ్మ కొడుకు కాలేజీలో చదివేవాడు, నాకు అన్న వరస. ఉద్యమం వచ్చాక ఆయన ఇంట్లో ఉన్నది తక్కువ. ఊరేగింపు రోడ్డు మీద పోతుంటే జై తెలంగాణ అని ముందుగా వినిపించే గొంతు ఆయనదే. కొలువులు దోచుకున్నోళ్లు వాపస్ పోవాలె అని అదే గొంతు అరిస్తే, అమ్మ లేచి కిటికీ తలుపులు వేసేది. అంతకుముందు నాకు లెక్కలు చెప్పిన అన్నే ఆయన. ఇప్పుడు గల్లీ మొగలో మురుగు పారే మోరీ గట్టు మీద స్నేహితులతో కూర్చుని ఉంటే, మేము ఆ పక్క చూడకుండా నడిచేవాళ్లం.

బందులు సడలిన ఒక సాయంత్రం, బజారు కాసేపే తెరుస్తారని తెలిసి పరుగులాంటి నడకతో వెళ్లి వచ్చాం. మోరీ గట్టు మీద అన్నా, ఆయన స్నేహితులూ నిండుగా ఉన్నారు. అమ్మ అడుగు వేగం చేసింది, నేను అందుకోలేక రాళ్ల మీద తూలాను, సంచి కాడ పుటుక్కున తెగింది. గుమ్మడికాయ కింద పడి, పగలకుండా, ఆ పల్లంలో రాయి మీద నుంచి రాయి మీదికి దూకుతూ వెనక్కి దొర్లుకుంటూ పోయింది. మా కాళ్ల దగ్గర పుచ్చు వంకాయలు, ఈనెలు తేలిన తోటకూర, వాటి మీద పరిచిన పాత చీర. అరుగుల మీద ఆడవాళ్లంతా చూస్తున్నారు. కాయ తిన్నగా వెళ్లి అన్న కాళ్ల దగ్గర ఆగింది. ఆగినది ఆగినట్టు ఉండక, బొట్టు పైకి పెట్టి ఆగింది.

అంగట్లో కొన్న కాయకు పసుపూ కుంకుమా ఎక్కడివి చెప్పండి? నల్లబడి, పెచ్చులూడిన పాత బొట్టు. ఎవరికైనా ఇంకేం చెప్పక్కర్లేదు.

"అరే, గీ గుమ్మడికాయకు పెండ్లయిందిరో!" అన్నాడు ఒక కుర్రాడు. గట్టు మీద అందరూ గొల్లున నవ్వారు.

అన్న నవ్వలేదు. వాడి వైపు ఒక చూపు చూసేసరికి వాడు నోరు మూసుకున్నాడు. వంగి, కాయను రెండు చేతులతో ఎత్తుకుని, పైకి నడిచి వచ్చాడు. అమ్మ రాయిలా నిలబడి ఉంది. నేను వంకాయలు ఏరుతున్నాను, కళ్లలో నీళ్లు అడ్డుపడి ఒక్కటీ చేతికి రావడం లేదు. ఆయనే కూర్చుని అన్నీ సంచిలోకి ఎత్తి, పైన గుమ్మడికాయను పెట్టి, ఒక్క క్షణం ఆగి, బొట్టున్న వైపు లోపలికి తిప్పాడు.

"జర పైలం చిన్నమ్మా. గీ రాళ్లు మంచియి గావు," అన్నాడు. సంచి తనే మోసుకొచ్చి మా గుమ్మంలో దించి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ బొట్టు లోపలికి తిప్పడం చూశాను నేను, అమ్మ కూడా చూసింది. వాళ్ల నవ్వు కంటే అదే మమ్మల్ని చంపేసింది. ఇంటికి వచ్చి తలుపు గడియ వేసి, అమ్మ గోడకి ముఖం పెట్టుకుని కూర్చుంది. ఏడిస్తే పక్క వాటాలో ఉన్న ఇల్లుగలవాళ్లకు వినపడుతుందని ఏడవను కూడా లేదు.

తెల్లవారగానే ఇల్లుగలాయన వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, మీ ఆయన ఎన్నడొస్తడమ్మా, సాఫ్ చెప్పు, దినాలు మంచిగ లేవు, మగదిక్కు లేని ఇల్లు, రేపేమన్న అయితే నా మెడకు సుట్టుకుంటది, ఈ నెల గడిస్తే వేరే ఇల్లు చూసుకోండ్రి అన్నాడు. కోపంగా అనలేదు, కిందికి చూస్తూ అన్నాడు. అమ్మ అలాగేనండీ అంది. అంతే, మంచం కింద నుంచి ట్రంకుపెట్టె బయటికి లాగింది. అందులో నాన్న చొక్కాలు, నా పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ, మీ మామయ్య ఇంట్లో అత్త ఏమన్నా ఎదురు చెప్పకు, పెట్టింది తిను, రెండోసారి అడగకు అని నాకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. ఒట్టు పెట్టుకున్న ఇంటికి తలవంచుకుని వెళుతున్న మా అమ్మను చూస్తే నాకు ఆ గుమ్మడికాయను ఎత్తి ఆ రాళ్ల మీదే పగలగొట్టాలనిపించింది. తర్వాత రెండు మూడు రోజులు మేము బజారుకు వెళ్లలేదు, గడప దాటలేదు, గంజితోనే సరిపెట్టుకున్నాం.

అప్పుడు వచ్చింది పెద్దమ్మ, వెనక తలుపు కొట్టి. అడగకుండానే లోపలికి వచ్చి, పెట్టె వైపు ఒకసారి చూసి, చూడనట్టే పీట లాక్కుని కూర్చుంది.

"చెల్లె, మా ఇంట్ల రేపు ప్రార్థన కూటమున్నది. పది మంది ఒస్తరు. అంగడి బందాయె. నీ గుమ్మడికాయ సగం ఇయ్యి నాకు."

అమ్మ తలెత్తలేదు. ఆయన లేరండీ అక్కయ్యగారూ, ఆయన వచ్చి కోస్తే గానీ మేము... అని ఆగిపోయింది. ఆగిపోయి, అన్నాళ్లూ దాచిందంతా ఒక్కసారిగా కక్కేసింది. క్యాంపు లేదు, ఆదివారాలు లేవు, ఉద్యోగం లేదు, నెలన్నరగా ఉత్తరం కూడా లేదు. చెబుతున్నంతసేపూ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునే ఉంది.

"ఎరికేనమ్మా," అంది పెద్దమ్మ మెల్లగా. "మీ ఎనక గల్లీ సుట్టు తిరిగి మా దొడ్డి తలుపు ముంగటి నుంచే గదా పోయేది. నువ్వు మూట గట్టుకుని పోవుడు, మల్ల గదే కాయ ముంగట గల్లీల నుంచి తెచ్చుడు, మొదటి దినం నుంచి సూస్తనే ఉన్న."

నాకు అప్పటికప్పుడు అర్థమైంది. అబ్బ ఏం కాయ తెచ్చిన్రు అని ఆ కేకలు, ఇల్లుగలామెను పిలిచి చూపించడం, అవి మమ్మల్ని వెక్కిరించడానికి కాదు. అమ్మ ఆడుతున్న అబద్ధానికి ఆవిడ అరుగు మీద నుంచి సాక్ష్యం పలుకుతోంది. ఇన్నాళ్లూ ఆవిడను లోలోపల తిట్టుకున్నందుకు నాకు తల కొట్టేసినట్టయింది.

"కోసేందుకు మగోడు గావాలె, గంతేగదా మీ పద్ధతి? నా కొడుకున్నడు. పిలుస్త," అని లేచింది. లేచి, కాయను తనే ఎత్తుకుని ముందు తలుపు వైపు నడిచింది. లోపలే కోద్దామండీ అని అమ్మ బతిమాలుతున్నా వినలేదు. "లోపల ఎందుకు చెల్లె, అరుగు మీద ఎలుతురుంటది," అంది.

ఎలుతురు కోసం కాదని మాకు తెలుసు. అరుగు మీద పీట వేసి, దాని మీద కాయ పెట్టి, బొట్టు చూసి, బొట్టు మాసిపోయింది, మల్ల పెట్టు అంది అమ్మతో. నుదుట బొట్టు పెట్టని మనిషి ఆవిడ, వాళ్ల ఇంట్లో ఈ పట్టింపులేవీ లేవు, కావాలంటే కత్తి తీసుకుని తనే రెండు ముక్కలు చేసేది. అమ్మ పాత బొట్టు మీదే కొత్త బొట్టు దిద్దింది. అన్న వచ్చాడు. అరిచి అరిచి గొంతు పోయి ఉంది, మోచేతి మీద లాఠీ దెబ్బ నల్లగా కమిలి ఉంది. ఎటు దిక్కు కోయాలె చిన్నమ్మా అని అడిగాడు.

ఆ చప్పుడుకి ఇల్లుగలాయన బయటికి వచ్చాడు. పెద్దమ్మ ఆయన కోసమే కాచుకుని ఉంది.

"ఏమన్నా, ఈ ఇంట్ల మగదిక్కు లేదన్నవంట? మరి గీడెవడు? గుమ్మడికాయ కోస్తున్నడు, కండ్లు కనవడతలేవా?"

అరుగుల మీద నవ్వులు లేచాయి. ఇల్లుగలాయన అన్న వైపు చూసి, వాపస్ పోవాలని ఒర్లేది నువ్వే గదరా అన్నాడు. కొలువుల కాడి కొట్లాట కొలువుల కాడనే కాకా, చిన్నమ్మ నా కొలువు గుంజుకున్నదా అన్నాడు అన్న, కత్తి మీద నుంచి తల ఎత్తకుండానే. నాకేంది, నువ్వు జిమ్మా తీసుకుంటే నాకేం పరేషాన్ లేదు, ఆమె పెనిమిటి ఒచ్చేదాకా ఉండమను అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు. కాయ ఫట్టున రెండుగా విచ్చుకుంది, అన్ని వారాలు మూల కూర్చున్నా లోపల బంగారంలా ఉంది. సగం పెద్దమ్మ ఒళ్లో పెట్టుకుపోయింది. మర్నాడు దాని బదులు ఒక చేట నిండా బియ్యం, కందిపప్పు వచ్చాయి, ప్రార్థనకు పది మంది వచ్చిన జాడ మాత్రం నాకు కనపడలేదు. అమ్మ ట్రంకుపెట్టెను మళ్లీ మంచం కిందికి తోసింది.

కథ అయితే ఇక్కడ అందరూ హాయిగా దప్పళం తిన్నారని ముగించవచ్చు. మా అమ్మ తినలేదు. నాకు వడ్డించి, తను మజ్జిగన్నం తిని లేచింది. సిగ్గు అలా ఒక్క పూటలో వదిలే రోగం కాదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆ పెద్దమ్మ ఎదురైతే అమ్మ కళ్లు నేల చూసేవి. ప్రాణమిచ్చేంత ప్రేమ ఉండేది, తలెత్తి చూసే ధైర్యం మాత్రం లేకపోయింది.

వానలు పడ్డాక నాన్న వచ్చాడు, చిక్కి సగమై. కోర్టులో ఏవో తీర్పులు వచ్చి మళ్లీ పాత కుర్చీలోనే కూర్చోబెట్టారు. అమ్మ జరిగిందంతా చెబితే తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. నేను కోయాల్సింది అన్నాడు చివరికి. ఆ ఆదివారమే మూసారాంబాగ్ వెళ్లి ఇంకో కాయ మోసుకొచ్చాడు. కత్తి తను పట్టలేదు. ఎదురింటికి వెళ్లి, బాబూ, కాస్త వచ్చి మా ఇంట్లో గుమ్మడికాయ కోసి వెళతావా అని అన్నను పిలిచాడు. ఇక ఆ గల్లీలో ఉన్నన్నాళ్లూ, నాన్న ఇంట్లోనే పేపరు చదువుకుంటున్నా సరే, మా గుమ్మడికాయకు తొలి గాటు అన్నదే. వాళ్లు చంపాపేట్‌కు మారిపోయాక కూడా, ఏడాదికి ఒక్కసారైనా నాన్న కాయను సంచిలో పెట్టుకుని అక్కడిదాకా మోసుకెళ్లి కోయించుకొచ్చేవాడు.

పెద్దమ్మ పోయింది, అమ్మా నాన్నా పోయారు. మలి ఉద్యమం వచ్చినప్పుడు ఎల్బీనగర్ చౌరస్తాలో జై తెలంగాణ అన్న కేక వినపడి, పిచ్చిదానిలా గుంపులో అన్న ముఖం కోసం వెతికాను. అప్పటికి ఆయనకూ నడుం వంగి ఉంటుందన్న సంగతే గుర్తు రాలేదు. తెలంగాణ వచ్చిన మరుసటేడు ఆయన కూడా వెళ్లిపోయాడని ఎవరో చెప్పారు. మా గల్లీ గుండ్రాళ్లు ఎప్పుడో సిమెంటు కింద పడిపోయాయి, అరుగులు షట్టర్లయ్యాయి.

ఇప్పుడు సంచులు మూతి మూసుకుని వస్తున్నాయి. ఎవరింటికి ఏం వస్తోందో ఎవరూ చూడరు. మంచిదే, మా అమ్మ ఈ రోజుల్లో ఉంటే అంత బరువు మోయక్కర్లేకపోయేది అని సంతోషిద్దామనుకుంటాను. అంతలో మా ఎదురు ఫ్లాటు గుర్తొస్తుంది. కొత్తగా పెళ్లయిన జంట. ఆ కుర్రాడు రోజూ పొద్దున్నే మెడలో కార్డు వేసుకుని క్యాబ్ ఎక్కేవాడు, ఈమధ్య ఎక్కడం లేదు. వాళ్ల గుమ్మం ముందు రోజు విడిచి రోజు కనిపించే కాగితపు సంచులు కూడా కనపడి చాలా రోజులైంది. ఊరెళ్లారేమో అనుకుందామంటే చెప్పులు బయటే ఉన్నాయి. ఆ పిల్ల పేరేమిటో నాకు తెలియదు, ఏ ఊరివాళ్లో తెలియదు.

మొన్న ఆ గుమ్మడి ముక్కను రెండు చేసి, సగం గిన్నెలో పెట్టుకుని వాళ్ల తలుపు దాకా వెళ్లాను. గంట మీద వేలు పెట్టి, ఏమని చెప్పాలో తోచక, ఏమనుకుంటారో అని సిగ్గుపడి, వెనక్కి వచ్చేశాను. మా పెద్దమ్మయితే గంట కొట్టేది కాదు, చెప్పులు విడిచి, లోపలికి వెళ్లి పీట లాక్కుని కూర్చునేది.